దమ్ము నారయ్య

చెప్పిన పొద్దుకు రావడం రావిర్యాల మగపెండ్లివాళ్లకు అలవాటు లేనట్టుంది. ఎదుర్కోలుకని మధ్యాహ్నం నుంచే చెరువుకట్ట మొదట్లో నిలబెడితే, ఎండకు నారయ్య సన్నాయి పీక రెండుసార్లు ఎండిపోయింది. దాన్ని నోట్లో పెట్టుకుని నానబెడుతూ బండ్ల బాట వైపు చూశాడు. బాట మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. పక్కన బామ్మర్ది లింగస్వామి డోలుకే ఆనుకుని కునుకు తీస్తున్నాడు. ఒత్తు పట్టే మక్బూల్ ఒక్కడే తిన్నగా కూర్చున్నాడు. దూదేకే పని లేని రోజుల్లో నారయ్య వెంట వచ్చి ఒత్తు ఊదడం అతని పని. దానికి పాట లేదు, ఎగుడుదిగుడు లేదు. ఒకే స్వరం, సన్నాయి కింద నేల పరిచినట్టు, మొదటి నుంచి చివరిదాకా.

"లేవురా లింగా. డోలు మీద సొల్లు కారితే రేపు మోగదు," అన్నాడు నారయ్య.

"బండ్లు రానీ బావా," అని లింగస్వామి కళ్లు తెరవకుండానే బదులిచ్చాడు.

బండ్లు వచ్చాయి. ముందు బండి మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తలకు ఎర్ర రుమాలు, కళ్లకు కాటుక, కాళ్లకు గజ్జెలు. బండి ఊగుతుంటే తనూ ఊగుతూ సన్నాయి ఊదుతున్నాడు. ముందు ఆడపెండ్లివారి సన్నాయి పలకాలి, దానికి మగపెండ్లివారి సన్నాయి బదులు చెప్పాలి. ఇబ్రహీంపట్నంలో నారయ్య తండ్రి కాలం నుంచీ అదే పద్ధతి. నారయ్య పీకను సన్నాయికి బిగించేలోగానే ఆ మనిషి బండి మీంచి దూకాడు. సన్నాయిని నోట్లోంచి తీసి ముక్కుకు పెట్టుకున్నాడు.

ముక్కుతో ఊదాడు.

కట్ట మీది జనం ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చారు. ఆ తర్వాత అతను రెండు సన్నాయిలు ఒకేసారి నోట్లో పెట్టుకుని ఊదాడు. నిండు చెంబు నెత్తి మీద పెట్టుకుని, చుక్క తొణకకుండా గిరగిరా తిరుగుతూ ఊదాడు. చివరకు నేల మీద సూది పెట్టించి, వెనక్కి విల్లులా వంగి, సన్నాయి మోగుతుండగానే ఆ సూదిని కనురెప్పల మధ్య ఇరికించుకుని లేచాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముసలివాళ్లు కూడా మునివేళ్ల మీద లేచి చూశారు.

నారయ్య చూడలేదు. తల వంచుకుని విన్నాడు. ఉన్నవి నాలుగు స్వరాలు, అవీ తలా ఒక దిక్కు. అందులో ఒకటి ముక్కులోంచి వచ్చేటప్పుడు మేకపిల్ల అరుపులా ఉంది. దీనికా వీళ్లంతా నోళ్లు తెరిచింది? ఎవరి మీద చిరాకు పడాలో తెలియక లింగస్వామి వైపు తిరిగాడు. వాడు ఇప్పుడు పూర్తిగా మేలుకుని, కళ్లింత చేసుకుని సూది కోసం చూస్తున్నాడు.

కూతురి పెండ్లి చేస్తున్న రాంచంద్రారెడ్డి పటేల్ దారిలోనే నారయ్యను పక్కకు పిలిచాడు.

"చూసినవా నారయ్యా? బాలాపూరోడట, పేరు పరమేశ్వర్. డేరా నాటకాలల్ల పనిచేసిండట. నువ్వున్నవ్, బండరాయి లెక్క కూసుండి ఊదుతవ్."

"కూసుంటేనే రాగం నిలుస్తది పటేలా."

"రాగం సంగతి నాకెందుకు? మగపెండ్లోల్ల ముంగట మన ఇజ్జత్ పోతున్నది. అప్పగింతలకు గూడ గాయననే ఊదుమంటున్నరు. నువ్వు జర ఏమన్న చేసి చూపెట్టు." పటేల్ రెండడుగులు వేసి ఆగాడు. "చెరువు కింద ఇనాం మడి ఊరికెనే ఇయ్యలే మీకు. సన్నాయి పనికి ఇచ్చినం. యాదుంచుకో."

ఆ మడి నారయ్య తాతకు ఇచ్చింది. పటేల్ అన్న మాటలో బెదిరింపు ఎంతో, మామూలు విసుగు ఎంతో నారయ్యకు తేలలేదు. కానీ అప్పగింతల మాట మాత్రం ముల్లులా దిగింది. పటేల్ చెల్లెళ్లిద్దరినీ అత్తింటికి సాగనంపింది తన సన్నాయే. ఈ పెండ్లికూతురు భూలక్ష్మి పుట్టినప్పుడు బొడ్డు కోసింది తన భార్య బుగ్గమ్మ. ఆ పిల్ల గడప దాటేటప్పుడు ముక్కుతో మేకపిల్ల అరవాలా?

దీపాలు పెట్టే వేళకు బుగ్గమ్మ ఇల్లు చేరింది. పెండ్లికూతురికి గోళ్లు తీసి, పాదాలకు పారాణి పెట్టి వచ్చింది. చేతులు ఎర్రగా ఉన్నాయి. వస్తూనే గోడకు చేరబడి తనలో తాను నవ్వుకుంది.

"ఏంది?" అన్నాడు నారయ్య. అతని ముందు చిన్న కత్తి, రెండు పీకలు ఉన్నాయి. ఒక పీక అంచును వెంట్రుక మందాన గీకుతున్నాడు.

"సూదిని కంటి రెప్పతోని తీసిండు. నువ్వు చూడలే?"

"ఏం రాగం ఊదిండు?"

"రాగమెవరు ఇన్నరు? ఆ సూది కంట్ల గుచ్చుకుంటదేమో అని నా పాణం గుంజింది."

"ఇరవై ఏండ్లు నాతోని సంసారం చేసి మాట్లాడే మాటేనా ఇది?"

"నవ్వొచ్చింది, నవ్విన. సర్కారోల్లు లెవీకని వడ్లు కొలుచుకపోయిన కాన్నుంచి ఈ ఊర్ల ఎవరన్న నవ్విండ్రా? ఒక్కపూట నవ్వితే నీకేం పోయింది?"

కత్తి కాస్త గట్టిగా పడి పీక అంచు చీలింది. దాన్ని వాకిట్లోకి విసిరేశాడు. బుగ్గమ్మ జొన్నరొట్టె పెట్టి, మళ్లీ ఆ సూది గుర్తొచ్చినట్టుంది, మొహం అటు తిప్పుకుని భుజాలు కదిలేలా నవ్వుకుంది. రొట్టె సగం తిని నారయ్య లేచాడు.

మర్నాడు పొద్దున తలంబ్రాల వేళకు నారయ్య ఆనందభైరవి ఎత్తుకున్నాడు. మంచి పీక దొరికింది. గాలి చల్లగా ఉంది. మక్బూల్ ఒత్తు నీళ్లలా సాగుతోంది. కింది స్వరాల దగ్గర నెమ్మదిగా తిరిగి, గాంధారాన్ని అడుగు నుంచి మెల్లగా పైకి తెచ్చి నిలిపాడు. అది నిలిచిన తీరుకు తనకే ఒళ్లు తేలికైంది. అక్కడి నుంచి పైకి కదలబోతుండగా పెండ్లికొడుకు మేనమామ చప్పట్లు కొట్టాడు.

"ఇగ చాలు తియ్యి. మా పరమేశ్వర్‌ను రానియ్యిండ్రి. పిల్లా పిలగాడు నిద్రపోయేటట్టున్నరు."

పందిట్లో నవ్వులు లేచాయి. పటేల్ కూర్చున్న చోటి నుంచే ఈగను తోలినట్టు చెయ్యి ఊపాడు. నారయ్య ఆపాడు. మెట్ల మీద సగం ఎక్కిన మనిషిని అక్కడే నిలబెట్టినట్టు రాగం మధ్యలోనే ఉండిపోయింది. పందిట్లో గజ్జెలు మోగాయి, చెంబు తిరిగింది. తలంబ్రాలు పోసుకునే పెండ్లికూతురు, పెండ్లికొడుకు కూడా చేతులు ఆపి అటే చూశారు.

భోజనాల ముందు వంటల బావి దగ్గర సన్నాయి కడుక్కోవడానికి పోతే అక్కడ పరమేశ్వర్ ఉన్నాడు. కాటుక చెదిరింది. కింది పెదవి చీలి నెత్తురు కారుతుంటే నీళ్లతో అద్దుకుంటున్నాడు. దగ్గర నుంచి చూస్తే పెద్ద వయసేమీ లేదు, ముప్పై దాటి ఉంటాయి.

"మామా," అన్నాడు.

"నీకు నేను మామనెట్లయిన?"

"కులపోనివి, పెద్దోనివి. మరేమని పిల్వాలె?" పరమేశ్వర్ జరిగి చోటిచ్చాడు. "పొద్దుగాల గాంధారాన్ని కిందికెల్లి తెచ్చి నిలిపినవ్ చూడు. మా గురువు గట్లనే తెచ్చేది. ఆయన పోయినంక మళ్ల ఇయ్యాల్నే ఇన్న."

నారయ్య చేతిలోని చెంబు ఆగింది. నిన్నటి నుంచి ఉన్న చిరాకు అంతకంతా అయింది. తెలియనివాడైతే పోనీలే అనుకోవచ్చు. వీడికి తెలుసు.

"ఎరుకుండి గిట్ల చేస్తున్నవా?"

"డేరా నాటకాలోల్ల ఎంబడి మొదటి ఏడు రాగమే ఊదిన మామా. జనం పల్లీలు తినుకుంట ముచ్చట పెట్టుకునేది. ఒకనాడు ఊదుతుంటె ఎక్కిళ్లొచ్చినయ్. సన్నాయి ముక్కుకు తాకి పుయ్యిమన్నది. డేరా మొత్తం నవ్వింది. ఆనాటి సంది నాకు కూడు పెట్టేది ఈ ముక్కే."

"అయితె ఆ ముక్కుతోనే తిను," అని నారయ్య సన్నాయి కడగకుండానే వచ్చేశాడు.

భోజనాలయ్యాక తాంబూలాల దగ్గర పెండ్లికొడుకు మేనమామ మళ్లీ గొంతు సవరించుకున్నాడు. ఇద్దరితోనూ ఊదించాలట. జనం ఎవరిని మెచ్చితే వాళ్లు రేపు అప్పగింతలకు ఊదాలట. పటేల్‌కు ఆ మాట నచ్చింది. నారయ్య ఒప్పుకున్నాడా అని ఎవరూ అడగలేదు.

పరమేశ్వర్ ముందు తన ఆటంతా ఆడాడు. పందిరి ఊగిపోయింది. చీలిన పెదవి మీద రుమాలు ఒత్తుకుంటూ పోయి గుంజకు ఆనుకుని కూర్చున్నాడు.

నారయ్య చాప మీద కూర్చుని కల్యాణి మొదలుపెట్టాడు. కాసేపు పద్ధతిగానే సాగింది. ఎవరూ వినడం లేదు. ఒకాయన సున్నం అడుగుతున్నాడు. ఇంకొకాయన కాలు చాపి పండ్ల సందులు గీక్కుంటున్నాడు. వెనకాల ఆడవాళ్లు గిన్నెలు తోముతున్నారు. నారయ్యకు కోపం అడుగు నుంచి పైకి వచ్చింది. ఆ కోపంతోనే పై షడ్జమం మీదికి పోయి అక్కడే నిలబడ్డాడు. బుగ్గల్లో గాలి నిలిపి, ముక్కుతో కొత్త గాలి లాగి, స్వరం తెగకుండా పట్టాడు. సన్నాయి ఊదే ప్రతివాడికీ తెలిసిన పనే అది. అవసరమైన చోట ఒక చిటికె వాడుకుంటారు. నారయ్య వదల్లేదు.

"అరె, దమ్ము తీస్తలేడు," అన్నారెవరో.

సున్నం అడిగినాయన ఇటు తిరిగాడు. గిన్నెల చప్పుడు ఆగింది. "చూడు చూడు, ఇంక తీస్తలేడు," అని ఇంకొకరు. జనం ఒక్కొక్కరే లేచి దగ్గరికి వచ్చారు. ఆ నిశ్శబ్దం నారయ్య చెవిలోకి తేనెలా దిగింది. ఇంతమంది ఒక్కసారిగా తన వైపు తిరగడం అతను ఎన్నడూ ఎరగడు. కిందికి దిగేటప్పుడు ఒక చోట ఊపిరి తీసుకోవాలి. అక్కడ కల్యాణి కూడా ఆగాలనే అడుగుతుంది. నారయ్య ఆగలేదు. అదే గాలితో కిందికి దిగాడు. పెదవులు అలిసి, పీక మీద పట్టు సడలి, మధ్యమం రవ్వంత దిగింది. కల్యాణి మొహం మీద వేరే రాగం నీడ పడింది.

నిమిషంలో సర్దుకున్నాడు. ముగించేసరికి పందిరంతా నిలబడి ఉంది. పటేల్ స్వయంగా వచ్చి తన భుజం మీది కండువా తీసి నారయ్య భుజం మీద వేశాడు.

"మా ఇబ్రహీంపట్నపోడు. దమ్ము నారయ్య," అని మగపెండ్లివారి వైపు తిరిగి మీసం దువ్వాడు.

ఆ పేరు అప్పటికప్పుడు పందిరంతా పాకింది. నారయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే గుంజ వైపు చూశాడు. సన్నాయి తుడుచుకుంటున్న పరమేశ్వర్ చెయ్యి ఆగి ఉంది. నారయ్య చూపు కలవగానే అతను తల దించుకుని మళ్లీ తుడవసాగాడు.

జనం పలచబడ్డాక నారయ్య అతని దగ్గరికి పోయాడు.

"ఏందట్ల చూసినవ్?"

"ఏం లేదు మామా. మంచిగ ఊదినవ్."

వీడు అబద్ధం ఆడుతున్నాడని నారయ్యకు తెలిసింది. మర్యాద కోసం ఆడుతున్నాడని కూడా తెలిసింది. అది ఇంకా చిరాకు పుట్టించింది.

సామాను సర్దుకుంటుంటే మక్బూల్ ఒత్తును సంచిలో పెడుతూ అన్నాడు, "ఏమో అన్నా, నేనైతే రోజు దమ్ము తియ్యకుంటనే ఊదుత. నన్నెవరు చూడరు." ఫిర్యాదులా అనలేదు. ఉన్న మాట అన్నాడు. లింగస్వామి పగలబడి నవ్వాడు. నారయ్యకు నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున అప్పగింతలు. పటేల్ ఇంటి ముందు పెండ్లికూతుర్ని తీసుకుపోయే కచ్చురం సిద్ధంగా ఉంది. దాని గూడుకు కొత్త గుడ్డ కట్టారు. ఎద్దుల కొమ్ములకు పూలు చుట్టారు. గడప ముందు పెద్ద పళ్లెంలో పాలు పోశారు. తల్లి వజ్రమ్మ కూతురి చేతులు పట్టుకుని పాలల్లో ముంచింది. నారయ్య ముఖారి ఎత్తుకున్నాడు.

రెండు పలుకులకే వజ్రమ్మ మొహం కదలసాగింది. అంతలో వెనక నుంచి తోపులాట మొదలైంది. జనం పెండ్లికూతురి చుట్టూ కాదు, నారయ్య చుట్టూ మూగారు. నిన్న చూడనివాళ్లకు చూసినవాళ్లు వేలు పెట్టి చూపిస్తున్నారు. ఒకాయన గొంతుకూర్చుని నారయ్య ముక్కుపుటాల కిందికి తల పెట్టాడు. ఇంకొకాయన బుగ్గలు చూసి, "గాలంత ఈడ దాస్తడు," అని పక్కవాడికి చెప్పాడు.

"దమ్ము పట్టు నారయ్యా," అని వెనక నుంచి కేక.

వజ్రమ్మ ఎవరి మోచెయ్యో తగిలి పక్కకు జరిగింది. చెయ్యి కడుక్కున్నట్టు పాలలోంచి తీసి కొంగుకు తుడుచుకుంది. మేలిముసుగు కింద నుంచి భూలక్ష్మి తలెత్తి చూసింది. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు లేవు. నారయ్య బుగ్గల వైపు కన్నార్పకుండా చూస్తోంది, ఎప్పుడు పగులుతాయా అన్నట్టు.

నారయ్య సన్నాయి నోట్లోంచి తీశాడు. అందరికీ వినపడేలా ఊపిరి పీల్చుకున్నాడు.

మక్బూల్ ఒత్తు మాత్రం ఆగలేదు. ఆ ఒక్క స్వరం మీద గుంపు కాసేపు అయోమయంగా నిలబడింది.

"ఏమైందిరా?" అన్నాడు పటేల్.

"దమ్ము తీసుకుంటున్న పటేలా."

"నిన్నటి లెక్క తియ్యకుంట ఊదు. అందరు చూస్తున్నరు."

"ముఖారి గట్ల రాదు."

"నిన్నటి దమ్ము నిన్ననే అయిపోయినట్టుంది," అన్నాడు పెండ్లికొడుకు మేనమామ. గుంపు నవ్వింది. నారయ్య సన్నాయి పెదవులకు ఆనించి రెండు పలుకులు పలికి, ఆగాల్సిన చోట ఆగి, మళ్లీ ఊపిరి తీసుకున్నాడు. "అయ్యో, మళ్ల తీసిండు," అన్నారు. పటేల్ మొహం ఎర్రబడింది. ఆ కోపంలో మడి ఉందని నారయ్యకు తెలుసు. కానీ ఇంతసేపూ పడిన విసుగు ముందు మడి పోతుందన్న భయం నిలవలేదు.

"పరమేశ్వర్, నువ్వు అందుకో," అని మేనమామ పిలిచాడు.

పరమేశ్వర్ కచ్చురం పక్కన ఉన్నాడు. నారయ్య వైపు ఒకసారి, వజ్రమ్మ వైపు ఒకసారి చూశాడు. చెంబు నెత్తిన పెట్టుకుని, రెండు సన్నాయిలు నోట్లో ఇరికించుకుని, గజ్జెలు కదిలిస్తూ ఇంటి ముందు నుంచి బాట మీదికి, అక్కడి నుంచి ఇంకా ముందుకు నడిచాడు. గుంపంతా అటు తిరిగి, ఒకరినొకరు నెట్టుకుంటూ అతని వెంట పోయింది. దూరంగా అతను తిరుగుతున్నాడు, వంగుతున్నాడు, బుగ్గలు ఉబ్బిస్తున్నాడు. వేళ్లు రంధ్రాల మీద పరుగులు పెడుతున్నాయి. జనం చప్పట్లు కొడుతున్నారు.

నారయ్య చెవి పెట్టి విన్నాడు. గజ్జెలు, చప్పట్లు తప్ప చప్పుడు లేదు. పరమేశ్వర్ ఊదడం లేదు. సన్నాయిలు రెండూ ఊరికే నోట్లో ఉన్నాయి. అంత గుంపులో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

గడప ముందు పెండ్లికూతురు, తల్లి, నాయనమ్మ మాణిక్యమ్మ, వియ్యపురాలు, పాల పళ్లెం మిగిలారు. పటేల్ ఇటు ఉండాలో అటు పోవాలో తెలియక నడుమ నిలబడ్డాడు. నారయ్య కళ్లు మూసుకుని ముఖారిని మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఆగాల్సిన ప్రతిచోటా ఆగాడు. వజ్రమ్మ కూతురి చేతులు మళ్లీ పాలల్లో ముంచింది. తడి చేతుల్ని వియ్యపురాలి చేతిలో పెట్టింది. భూలక్ష్మి తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, పాలు కారుతున్న చేతులతోనే, వెక్కి వెక్కి ఏడ్చింది. మాణిక్యమ్మ గడపకు తల ఆనించింది. పటేల్ రుమాలుతో మొహం తుడుచుకున్నాడు, చెమటకే అన్నట్టు.

"లింగా, మెల్లగ. దౌడు తియ్యకు," అని నారయ్య ఊపిరి తీసుకునే సందులో బామ్మర్దిని కసిరాడు.

బండ్లు కట్ట ఎక్కి కనుమరుగయ్యాక పటేల్ వచ్చి, ఇకనుంచి ఊరేగింపులకు బాలాపూర్ నుంచి ఆ పరమేశ్వర్‌నే పిలిపిస్తానని చెప్పాడు. మడి మాట ఎత్తబోయేసరికి మాణిక్యమ్మ లోపలి నుంచే, "మడి జోలికి పోకురా. నేను సచ్చినంక గూడ ఈయననే ఊదుమను," అంది. పటేల్ గొణుక్కుంటూ లోపలికి పోయాడు. కండువా మాత్రం వెనక్కి అడగలేదు.

ఇంటికి పోతుంటే బుగ్గమ్మ కొంగులో అరిసెల మూట పట్టుకుని నారయ్య పక్కన నడిచింది. చెరువు వైపు బాట తిరిగాక, అరిసె విరిచి సగం అతని చేతిలో పెడుతూ అంది.

"మొన్నటి సంది ఒక మాట చెప్దామనుకుంటున్న. నిన్న కల్యాణి ఊదేటప్పుడు కిందికొచ్చే కాడ జారినవ్."

నారయ్య నిలబడిపోయాడు. "మొన్న చెప్దామనుకుంటె నిన్నెట్ల జారిన?"

"మొన్నో నిన్ననో. జారినవ్ గాని."

"రాగమెవరు ఇన్నరంటివి."

"ఆయనది ఎవరింటరు? నీది రోజు పొద్దుగాల్నే ఇంటిల్ల మోగుతది. చెవులు తీసి చూరుల పెట్టుకుంటనా?"

"మరి నిన్న రాత్రి ఒక్క మాట చెప్పకపోతివి?"

"మస్తు సంబురంగ ఉంటివి. కండువ తియ్యకుంటనే పండుకుంటివి."

నారయ్యకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులుగా ఊరంతటి మీదా పడిన చిరాకు ఈ ఒక్క మనిషి ముందు ఏం చెయ్యాలో తెలియక నిలబడింది. అరిసె ముక్క నోట్లో వేసుకుని నమిలాడు.

"ఇగ మీదట జారితే చెప్పు," అన్నాడు చివరకు.

"చెప్తె నన్ను ఇంట్ల ఉండనిస్తవా?" అని బుగ్గమ్మ మూట సర్దుకుని ముందుకు నడిచింది.